ఒప్పందం వెనక బొట్టు

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు శాంటా క్లారాలో ఎల్ కమీనో రోడ్డు మీది ఆ టిఫిన్ సెంటర్ ముందు జనం బారులు తీరి ఉంటారు. దాని పై అంతస్తులోనే ప్రైవేట్ డిటెక్టివ్ లీలావతి ఆఫీసు. కింద నుంచి నేతి దోసెల వాసన మెట్లెక్కి వస్తుంటే పైన కూర్చుని నేరాల గురించి ఆలోచించడం మామూలు మనుషుల వల్ల కాదని ఆమె అసిస్టెంట్ జితేందర్ అభిప్రాయం. అతను మామూలు మనిషే. అందుకే ఇడ్లీ పార్సెల్ విప్పి, చట్నీ పొట్లం ముడి పంటితో కొరుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికి వచ్చింది.

పాతికేళ్ళు ఉంటాయేమో. భుజానికి బ్యాగు, కళ్ళ కింద నల్లటి చారలు. తలుపు మూసి, మళ్ళీ మూసుకుందో లేదో తోసి చూసింది.

"లీలావతి ఆంటీ అంటే మీరేనా? నా పేరు నమ్రత. రేపు పదింటికి నా మీద పోలీస్ కంప్లైంట్ ఇస్తరంట ఆంటీ. నేను ఏం తియ్యలే. దేవుని తోడు, నేను ఏం తియ్యలే."

లీలావతి కళ్ళజోడు పైకి తోసుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పద్దెనిమిదేళ్ళు ఇన్సూరెన్స్ క్లెయిముల్లో దొంగ ఏడుపులకూ నిజం ఏడుపులకూ తేడా చూసి చూసి, ఆ తర్వాత సొంతంగా లైసెన్సు తీసుకుంది. ఆ అమ్మాయిని పైనుంచి కింది దాకా ఒక్కసారి చూసి, "నిన్నటి నుంచి ఏమీ తిన్నట్టు లేవు. జితేందర్, ఆ ఇడ్లీ ఇటివ్వు" అంది.

జితేందర్ ఇచ్చాడు. మనసులో ఏమనుకున్నాడో ఇక్కడ రాయడం మర్యాద కాదు. పదకొండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి లేఆఫ్‌లో ఉద్యోగం పోయాక, గ్రీన్ కార్డు చేతిలో ఉంది కదా అని ఈ పనిలో చేరాడు. మేడమ్ మాట కాదనే ధైర్యం అతనికి ఇంకా రాలేదు.

నిజామాబాద్ నుంచి వచ్చిన నమ్రత శాన్ హోసేలో మాస్టర్స్ చదువుతోంది. పాత పత్రాలను భద్రపరచడం ఆ చదువు. ఇంటర్న్‌షిప్ పరంధామయ్య అనే పెద్దాయన దగ్గర. చిప్ కంపెనీలో పనిచేసి రిటైర్ అయిన ఆయన్ని బే ఏరియా తెలుగువాళ్ళంతా 'కాగితాల పరంధామయ్య గారు' అంటారు. నూట డెబ్భై ఏళ్ళ కిందట బంగారం కోసం కాలిఫోర్నియాకు పరుగెత్తుకొచ్చిన తొలి మనుషుల ఉత్తరాలు, గని హక్కుల కాగితాలు, వాళ్ళ సంతకాలున్న ఏ ముక్కయినా సరే, ఆయన ముప్ఫై ఏళ్ళుగా పోగుచేస్తున్నారు.

"వాటన్నిట్ల గొప్పది ఒక ఒప్పందం ఆంటీ" అంది నమ్రత. "యూబా నది ఒడ్డుమీద ఏడుగురు కలిసి రాసుకున్నది. ఆ చలికాలమే కలరా వచ్చి వాళ్ళల్ల అయిదుగురు చనిపోయిండ్రు. వాళ్ళ సంతకాలు లోకంల ఇంకెక్కడా లెవ్వు. వచ్చే వారం పయనీర్ పత్ర సంఘం వాళ్ళు దాన్ని ఎగ్జిబిషన్‌ల పెడుతున్నరు. శుక్రవారం పొద్దున నేనే ప్యాక్ చేసి వాళ్ళకు అప్పజెప్పిన. శనివారం వాళ్ళ క్యూరేటర్ మార్గరెట్ లెన్స్ పెట్టి చూస్తే, ఇంకు గీతలు కాదు, ప్రింటర్ చుక్కలు కనబడ్డయి. అది నకిలీ."

"నిన్నే ఎందుకు అంటున్నారు?"

"ఆగస్టుల అన్నీ స్కాన్ చేసింది నేనే. ప్యాక్ చేసింది నేనే. రసీదు మీద సంతకం నాదే." ఆ అమ్మాయి ఇడ్లీ ముక్క తుంచింది. "అంకుల్ యూనివర్సిటీకి అప్పుడే ఈమెయిల్ పెట్టిండ్రు. కంప్లైంట్ గూడ పడ్డదంటే వాళ్ళు ఇంటర్న్‌షిప్ క్యాన్సిల్ చేస్తరు. వీసా స్టేటస్ పోతది. ఇంటికి పోవుడుకు నాకు భయం లేదు ఆంటీ. దొంగ అనిపించుకొని పోవుడే..."

మిగతా మాట ఇడ్లీతోపాటు మింగేసింది. పాపం, జితేందర్‌కు ఇడ్లీ మీద ఆశ ఎప్పుడో పోయింది.

"ప్యాక్ చేసేటప్పుడు నీకు తేడా తెలియలేదా?"

"అది ప్లాస్టిక్ కవర్‌ల ఉంటది. వెనక అట్ట పెడతం. ముందు వైపు మాత్రమే కనబడతది. అట్లనే పెట్టెల పెట్టిన."

"చివరిసారి కవర్‌లోంచి తీసి చూసింది ఎప్పుడు?"

"మంగళవారం. కండిషన్ రిపోర్ట్ రాసిన. అంటే కాగితం మీద ఏ మడత ఉన్నది, ఏ మరక ఉన్నది అని." నమ్రత బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి, పేజీ తిప్పి చూపించింది. లీలావతి చదివింది. ఒక వరుస దగ్గర వేలు ఆగింది.

"ఈ రిపోర్ట్ నీ దగ్గరే ఉందా, ఎవరికైనా పంపావా?"

"అదే రోజు మార్గరెట్‌కు ఈమెయిల్ చేసిన."

"మంచి పని చేశావు" అంది లీలావతి, కారు తాళాలు అందుకుంటూ.

* * *

పరంధామయ్య ఇల్లు పది నిమిషాల దూరం. తలుపు తీసింది ఆయనే. నమ్రతను చూడగానే మొహం మాడ్చుకున్నారు.

"ఈ అమ్మాయిని నా ఇంట్లోకి రానివ్వను."

"కారులోనే కూర్చుంటుంది" అంది లీలావతి. "రేపు పది గంటల దాకా టైముంది కదండీ. ఈలోగా అసలు కాగితం దొరికితే మీకూ మంచిదే."

అసలు కాగితం అన్న మాట వినగానే ఆయన మెత్తబడ్డారు. కొందరికి పిల్లల మాట ఎత్తితే మొహం మారుతుంది. ఈయనకు కాగితాల మాట ఎత్తాలి. తన గదిలోకి తీసుకెళ్ళి పెట్టెలు చూపించారు. ప్రతి పెట్టెలో పత్రానికీ పత్రానికీ మధ్య తెల్లటి పల్చటి కాగితం ఒకటి ఉంది.

"ఇదెందుకండీ?" అని జితేందర్ అడిగాడు.

"పాత కాగితంలో పులుపు పుడుతుందయ్యా. దానంతట అదే పొడైపోతుంది. అందుకని ఒప్పందాన్నీ, మంచి ఉత్తరాలనీ పాత కాగితాలు బాగుచేసే కన్సర్వేటర్ చేత సున్నపు తేట లాంటి నీళ్ళలో స్నానం చేయించాను. ఈ పల్చటి కాగితంలోనూ అదే మందు. పులుపును విరిచేస్తుంది." చెబుతూ చెబుతూ ఆయన పెట్టె మూత సర్దారు. "దాన్ని పసిపిల్లలా చూసుకున్నానమ్మా. ఏడుగురు మనుషులు. అందులో ఒకడికి సంతకం రాక గీత మీద గీత పెట్టాడు. ఆ గీత చూస్తే నాకు కళ్ళు చెమ్మగిల్లేవి."

సంఘం వాళ్ళు తిప్పి పంపిన నకిలీని ఆయన బల్ల మీద పెట్టారు. లీలావతి కవర్‌లోంచి తీసి, ముందు వైపు ఒక్క క్షణం చూసి, వెనక్కి తిప్పింది. కింద ఎడమ మూలన వేలి కొసంత పసుపు బొట్టు ఉంది.

అప్పుడే కాఫీ తెచ్చిన ఆయన భార్య జ్ఞానప్రసూన ఆ బొట్టు చూసి పళ్ళెం దబ్బున బల్ల మీద పెట్టింది.

"అదిగో! చూడండి మీ కళ్ళతో మీరే. పసుపా కుంకుమా? వారం రోజులుగా నన్ను రాచి రంపాన పెట్టారు కదా!"

"నువ్వు ఊరుకో ప్రసూనా. ఇది ఆ కాగితం కాదు."

"బొట్టు ఆ బొట్టే కదా!"

లీలావతి కాఫీ కప్పు అందుకుని, "ఏమిటమ్మా ఈ గొడవ?" అంది తీరిగ్గా.

జ్ఞానప్రసూన కుర్చీ లాక్కుంది. ఎవరైనా అడుగుతారేమోనని వారం నుంచి కాచుకుని ఉన్నట్టుంది. "నిన్న కాదు, అంతకు ముందు శనివారం మా ఇంట్లో దసరా పూజ చేసుకున్నామమ్మా. పుస్తకాలూ ల్యాప్‌టాప్‌లూ అన్నీ సరస్వతి ముందు పెడతాం కదా. ఈయన ప్రాణమంతా ఆ ఒప్పందంలోనే ఉంది కదాని అదీ పెట్టాను. ప్లాస్టిక్‌కి పూజేమిటని కవర్‌లోంచి తీసి, వెనక మూలన తడి పసుపు ఇంతే ఇంత పెట్టి, మళ్ళీ కవర్‌లో పెట్టేశాను. సోమవారం ఈయన తీసి చూసి ఇల్లు ఎగరగొట్టారు. పెడితే పెట్టావు, కుంకుమ ఎందుకు పెట్టావంటారు. కాగితం తెచ్చి నా ముక్కు ముందు ఆడించారు. నిజమే, ఎర్రగానే ఉంది. కానీ నేను పెట్టింది పసుపేనమ్మా! నా చెయ్యి నాకు తెలియదా?"

"ఎర్రగా ఉంది" అన్నారు పరంధామయ్య, అవమానం దిగమింగుతూ. "నా కళ్ళింకా పోలేదు. ఇలాంటి పత్రం మీద నా ఇంట్లోనే కుంకుమ పడిందని ఎవరికీ చెప్పుకోలేక చచ్చాను. సంఘం వాళ్ళకు కూడా పాత మరకని చెప్పాను."

"పూజలో ఇంకెవరున్నారు?"

"మా చక్రపాణి ఒక్కడే. పాతికేళ్ళ స్నేహం. వాడూ ఇలాంటి కాగితాలే సేకరిస్తాడు. పొద్దుటి నుంచి నాకు ధైర్యం చెబుతూ ఇక్కడే ఉన్నాడు."

చక్రపాణి హాల్లో సోఫాలో ఉన్నాడు. అరవై అయిదేళ్ళ సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. ఎగ్జిబిషన్ పుస్తకం డిజైన్ చేస్తున్నది తనే అన్నాడు. అందుకోసం స్కాన్‌లన్నీ నమ్రతే పంపిందన్నాడు. దాచలేదు.

"ఈ వారంలో ఈ ఇంటికి ఎవరెవరు వచ్చారో మీకేమైనా తెలుసా?"

"బుధవారం మార్గరెట్ వచ్చి చూసి వెళ్ళింది. అప్పటికది అసలుదేనట. గురువారం సాయంత్రం నేను పుస్తకం ప్రూఫులు తెచ్చాను. శుక్రవారం పొద్దున ఆ పిల్ల ప్యాక్ చేసింది."

"గురువారం మీరు ఆ గదిలో ఒంటరిగా ఉన్నారా?"

"పరంధాం ఫోన్‌లో మాట్లాడుతుంటే పది నిమిషాలు ఉన్నాను. శుక్రవారం ఆ పిల్ల ఒక్కతే గంట ఉంది." చిన్నగా నిట్టూర్చాడు. "చిన్నపిల్ల. ఏదో ఆశపడి ఉంటుంది. నాకైతే కేసు పెట్టడం ఇష్టం లేదు, కానీ పరంధాం వినడు."

"పూజప్పుడు ప్రసూన గారు బొట్టు పెట్టడం చూశారా?"

"పక్కనే ఉన్నానండీ. పసుపు పెట్టింది."

"ఆ తర్వాత ఎప్పుడైనా కాగితం వెనక వైపు చూశారా?"

"లేదు. గురువారం కూడా పెట్టె ముట్టుకోలేదు."

లీలావతి తల ఊపింది. వెళ్ళేముందు మాత్రం రెండు వింత కోరికలు కోరింది. పెట్టెలోంచి ఆ పల్చటి కాగితం ఒకటి ఇమ్మంది. వంటింట్లోంచి చెంచాడు పసుపు పొట్లం కట్టి ఇమ్మంది. మేడమ్‌కు జలుబు చేసిందేమో, రాత్రికి పాలల్లో కలుపుకుంటుందేమో అని జితేందర్ జాలిపడ్డాడు.

"అయిదు గంటలకు మళ్ళీ వస్తాం. మార్గరెట్ గారిని కూడా పిలవండి. అందరూ ఉండాలి. ఆ అమ్మాయితో సహా."

కారులో వెనక సీట్లో నమ్రత గోళ్ళు కొరుక్కుంటోంది. అయిదింటికి ఇంకా మూడున్నర గంటలే టైముంది. కారు నడుపుతున్న జితేందర్ ఉండబట్టలేక అన్నాడు: "మేడమ్, నాకైతే ఒక్క ముక్క సమజ్ కాలే. ఆయన ఎరుపంటడు, ఆమె పసుపంటది. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నరు. బగ్ అక్కడనే ఉన్నది."

"ఇద్దరూ నిజమే చెబుతున్నారనుకో. అప్పుడు?"

"అట్లెట్లయితది?"

"మీ ఊళ్ళో పెళ్ళికూతురు గడప దాటేముందు దిష్టి తీస్తారు కదా. ఆ పళ్ళెంలో నీళ్ళు ఏ రంగు?"

"ఎరుపు."

"అందులో ఏం కలుపుతారో ఎప్పుడైనా చూశావా?"

జితేందర్ నోరు తెరిచాడు. సిగ్నల్ ఆకుపచ్చ పడింది, వెనకవాళ్ళు హారన్ కొట్టారు, అతను కదల్లేదు.

* * *

అయిదు గంటలకు హాల్లో అందరూ చేరారు. పరంధామయ్య, జ్ఞానప్రసూన ఒకవైపు, వాళ్ళ పక్కన చక్రపాణి. ఎదురుగా మార్గరెట్, తెల్లజుట్టు మనిషి, చేతిలో ఫైలు. తలుపు దగ్గర కుర్చీ అంచున నమ్రత. పరంధామయ్య ఫోను బల్ల మీదే ఉంది. అందులో పోలీసు స్టేషన్ నంబరు అప్పటికే ఎక్కించి పెట్టుకున్నారు.

లీలావతి నిలబడింది. మార్గరెట్ కోసం మధ్య మధ్య ఇంగ్లీషులో చెబుతూ, మిగతాదంతా తెలుగులోనే నడిపింది.

"నకిలీ ఎవరు చేశారో తేల్చాలంటే స్కాన్‌లు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగితే లాభం లేదు. నలుగురి దగ్గరా ఉన్నాయి. కాగితం దగ్గర ఒంటరిగా ఎవరున్నారని అడిగినా అంతే. నేను అడిగేది ఒక్కటే. నకిలీ వెనక ఈ పసుపు బొట్టు ఎవరు పెట్టారు?"

లీలావతి నకిలీని వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది.

"స్కాన్‌లు ఆగస్టువి. పూజ జరిగి ఎనిమిది రోజులే అయింది. కాబట్టి స్కాన్‌లలో బొట్టు లేదు. దొంగ తన నకిలీ ముందే సిద్ధం చేసుకున్నాడు. తర్వాత అసలు కాగితానికి బొట్టు పెట్టారని తెలిసి, తనూ చేత్తో పెట్టాడు. ఎవరైనా తిప్పి చూస్తే దొరికిపోకూడదని. చాలా జాగ్రత్త గల మనిషి. ఆ జాగ్రత్తే కొంప ముంచింది."

ఆమె బ్యాగులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. ఒకటి మామూలు ప్రింటర్ కాగితం. రెండోది పరంధామయ్య పెట్టెలోంచి తీసుకెళ్ళిన పల్చటి కాగితం. రెండింటి మూలనా ఒకే పొట్లంలోని తడి పసుపుతో బొట్లు పెట్టి ఉన్నాయి. ప్రింటర్ కాగితం మీద బొట్టు పసుపుగానే ఉంది. పల్చటి కాగితం మీది బొట్టు ఇటుక రంగుకు తిరిగింది.

జ్ఞానప్రసూన చప్పున లేచి నిలబడింది. "పారాణి! పసుపూ సున్నమూ! అయ్యో నా మతి మండ, నాకు తట్టనే లేదు!"

"మీరు పెట్టింది పసుపే అమ్మా. మీ ఆయన చూసింది ఎరుపే. ఆ కాగితానికి సున్నపు తేట లాంటి స్నానం చేయించారు. తడి పసుపు తగిలిన కాసేపటికి అది ఎర్రబడింది. కవర్లో ఉంది కాబట్టి సోమవారం దాకా ఎవరూ చూడలేదు. ఇద్దరూ నిజమే చెప్పి వారం రోజులు కొట్టుకున్నారు."

పరంధామయ్య భార్య వంక చూసి, చూడలేక తల దించుకున్నారు.

"ఇప్పుడు లెక్క సులువు" అంది లీలావతి. "అసలు కాగితం వెనక ఎరుపు చూసినవాళ్ళు నకిలీ మీద పసుపు పెట్టరు. పరంధామయ్య గారు సోమవారం ఎరుపు చూశారు. ప్రసూన గారికీ చూపించారు. మంగళవారం నమ్రత చూసింది. 'వెనక, కింద ఎడమ మూల, వేలి కొసంత ఎర్రటి మరక' అని రాసి అదే రోజు మార్గరెట్‌కు పంపింది. తను రాసిచ్చిన రిపోర్టుకే విరుద్ధంగా తనే నకిలీ చేసుకునేంత తెలివితక్కువది కాదు ఈ పిల్ల. మార్గరెట్ గారూ, బుధవారం మీకు ఏం కనిపించింది?"

మార్గరెట్ ఫైలు తెరిచింది. "తుప్పు రంగు మరక. నా నోట్స్‌లో ఉంది. నకిలీ అని తేలాక వెనక వైపు గురించి నేను మళ్ళీ ఆలోచించనే లేదు. నా తప్పే."

"మిగిలింది ఒక్కరే. పూజలో పక్కనే నిలబడి పసుపు పెట్టడం కళ్ళారా చూసినవాళ్ళు. ఆ తర్వాత వెనక వైపు చూడలేదని పొద్దున నాతో తమ నోటితో చెప్పినవాళ్ళు."

అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి. చక్రపాణి చొక్కా మణికట్టు గుండీ పెట్టుకుంటున్నాడు. అది ముందే పెట్టి ఉంది.

"గురువారం మీరు తెచ్చిన ప్రూఫుల మధ్య అలాంటి కవరే, అలాంటి అట్టతో, ఇంకొకటి ఉంది. మొత్తం కవరే మార్చేశారు. వెనక్కి తిప్పి చూసే తీరిక లేదు. ఇంటికెళ్ళాక చూసుకుని ఉంటారు, ఎర్రటి బొట్టు. అప్పటికి చెయ్యి దాటిపోయింది. అవునా చక్రపాణి గారూ?"

జితేందర్ పదకొండేళ్ళలో ఎన్నో బగ్‌లు పట్టాడు గానీ, ఏ బగ్గూ ఇలా మనిషిలా ఇస్త్రీ చొక్కాలో ఎదురుగా కూర్చోలేదు.

"ఇద్దరిదీ అని వాడు నలుగురిలో అంటాడేమో చూశాను" అన్నాడు చివరికి చక్రపాణి. గొంతులో నెమ్మదితనం పోయింది. "పాతికేళ్ళు చూశాను. గ్రాస్ వ్యాలీలో ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇద్దరం వెళ్ళాం. ట్రంకు పెట్టె అడుగున దాన్ని చూసింది నేను. నేను! వర్షం పడుతోందని కారు దగ్గరకు తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాడు కొనేసి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరిదీ కదరా అన్నాడు ఆ రోజు. ఇప్పుడు ఎగ్జిబిషన్ పుస్తకం నా చేత్తోనే డిజైన్ చేయించి, 'పరంధామయ్య కనుగొన్న ఒప్పందం' అని నా చేత్తోనే అచ్చు వేయించాడు. ఒక్క మాట. చక్రపాణితో కలిసి అని ఒక్క మాట రాస్తే చాలేది."

"అది అడగొచ్చు కదరా" అన్నారు పరంధామయ్య, వినపడీ వినపడకుండా.

"అడిగి పెట్టించుకునేదా పేరు?"

"కాగితం ఎక్కడుంది?" లీలావతి అడిగింది.

"మా ఇంట్లో. దేవుడి అరలో."

జితేందర్ అతన్ని వెంటబెట్టుకుని సన్నీవేల్ దాకా వెళ్ళి, ముప్పావు గంటలో తిరిగొచ్చాడు. దారంతా చక్రపాణి కవరు ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. దొంగను చూస్తే కోపం రావాలి. జితేందర్‌కు రావడం లేదు, అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మార్గరెట్ లెన్స్ పెట్టి చూసి తల ఊపింది. వెనక్కి తిప్పింది. కింద ఎడమ మూలన ఇటుక రంగు బొట్టు. జ్ఞానప్రసూన దానికి దూరం నుంచే దండం పెట్టుకుంది.

పరంధామయ్య చెయ్యి చాచి కాగితాన్ని తాకబోయి ఆగిపోయారు. ఆయన పెదవులు కదిలాయి. ఆ ఒప్పందం ఆయనకు కంఠతా వచ్చు. మూడో వరుసలో ఆ ఏడుగురూ రాసుకున్నది ఇది: ఎవరి కన్ను ముందు పడినా, ఎవరి చెయ్యి ముందు పడినా, దొరికినది ఏడుగురిదీ. ముప్ఫై మందికి చదివి వినిపించి ఉంటారు ఆ మాట. మొదటిసారి తను విన్నట్టున్నారు.

ఆయన బల్ల మీది ఫోను తీసుకున్నారు. స్క్రీన్ మీద నంబరు అలాగే ఉంది. చక్రపాణి వైపు చూశారు. ఫోను ఆర్పి జేబులో పెట్టుకున్నారు.

"పోనీలెండి. కాగితం వచ్చింది కదా. ఇంటి గొడవ ఇంట్లోనే..."

"అంకుల్."

నమ్రత గొంతు పెద్దగా లేదు. కానీ అందరూ తిరిగి చూశారు.

"నా మీదకైతే నంబర్ రెడీ పెట్టుకున్నరు. ఒక్క మాట అడగలే. ఆయన మీదకు వచ్చేసరికి ఫోన్ జేబుల పెట్టుకున్నరు."

పరంధామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి ఒక పాతికేళ్ళ పిల్ల ముందు అలా నిలబడిపోవడం చూడలేక జితేందర్ కిటికీ వైపు తిరిగాడు. అయినా లోపల ఎక్కడో, బాగా అడిగినవ్ చెల్లే, అనుకున్నాడు.

మార్గరెట్ ఫైలు మూసింది. శుక్రవారం నుంచి ఆ పత్రం బాధ్యత సంఘానిదే కాబట్టి, పోలీసులకు రిపోర్టు ఇవ్వాలా వద్దా అన్నది ఈ హాల్లో తేలే విషయం కాదని, రేపు తనే ఇస్తానని చెప్పింది. చక్రపాణి తల ఊపాడు.

"నన్ను క్షమించమ్మా" అన్నారు పరంధామయ్య. "రేపే మీ యూనివర్సిటీకి ఫోన్ చేసి చెబుతాను. నీ తప్పేమీ లేదని నోరారా..."

"నోటితోని వద్దు అంకుల్. దొంగ అన్నది వాళ్ళకు మీరు ఈమెయిల్‌ల రాసి పంపిండ్రు. నాకు సంతకం కావాలె."

ఆయన ఒక్క క్షణం ఆ అమ్మాయిని చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి తెల్లకాగితం, కలం తెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా చచ్చిపోయినవాళ్ళ సంతకాలు వెతికిన మనిషి, బల్ల ముందు కూర్చుని బతికున్న మనిషి కోసం మెల్లగా రాయడం మొదలుపెట్టారు. ఏం జరిగిందో, ఎవరిని ఏ ఆధారం లేకుండా అన్నారో, ఏదీ దాచకుండా రాశారు. ఎగ్జిబిషన్ పుస్తకంలో కండిషన్ రిపోర్ట్ రాసినందుకు నమ్రత పేరు వేస్తామని కూడా రాసి, సంతకం పెట్టారు. సాక్షులుగా జ్ఞానప్రసూన, మార్గరెట్, లీలావతి, జితేందర్ పెట్టారు. కలం చివరికి చక్రపాణి దగ్గరకు వెళ్ళింది. అతను తను చేసింది రెండు వరుసల్లో రాసి, కింద పేరు రాశాడు. చివరి అక్షరం గీతలా సాగిపోయింది.

నమ్రత కాగితం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ చదివింది. అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. లీలావతి ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి, తొందరపెట్టకుండా నిలబడింది.

జ్ఞానప్రసూన వంటింట్లోకి వెళ్ళి పసుపు గిన్నెతో వచ్చింది. వేలి కొస తడిపి, ఉత్తరం మూల దగ్గర ఆపింది. లీలావతి వంక అనుమానంగా చూసింది.

"ఇది ఎర్రబడదు కదమ్మా?"

"మామూలు కాగితమేనమ్మా. పెట్టండి."

ఆవిడ బొట్టు పెట్టింది. అందరూ వంగి చూశారు, మార్గరెట్‌తో సహా. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. బొట్టు పసుపుగానే ఉంది.